చిల్లు నాణేల బొమ్మ ఏ ఊరిది, ఏ కాలానిది?

(నాణేల సేకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభాధ్యక్షులకు, ఈ రంగంలో నాకంటే అనుభవం ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈరోజు నేను ఎంచుకున్న విషయం చిన్నదే అయినా చిక్కుముళ్లు చాలా ఉన్నది. మధ్యలో నలుచదరపు చిల్లు ఉన్న పాత చైనా నాణేలను దారంతో కూర్చి చేసిన బొమ్మలు ఈమధ్య మనవాళ్ల ఇళ్లలో కనిపిస్తున్నాయి. కొందరు బాలి విహారయాత్రకు వెళ్లి తెచ్చుకుంటున్నారు, కొందరు సింగపూర్ నుంచో బ్యాంకాక్ నుంచో తెస్తున్నారు, మరికొందరు పాత సామాన్ల వేలంలో కొంటున్నారు. తెచ్చినవారు అడిగేది ఒక్కటే: ఇది ఎక్కడిది, ఎంత పాతది? అమ్మినవాడు చెప్పే జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే. నాణెం మీది అక్షరాలు చూపించి, అది ఫలానా చక్రవర్తి నాణెం కాబట్టి బొమ్మ కూడా ఆయన కాలం నాటిదేనని అంటాడు. ఈ వాదనలో మొదటి సగం చాలాసార్లు నిజమే కావచ్చు. రెండో సగానికి మాత్రం ఆధారం లేదు.

మన ఇళ్లలో కాసులపేరు ఉంటుంది. అందులో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న కాసులున్నంత మాత్రాన పేరు ఆవిడ కాలంలో చేయించిందని ఎవరూ అనరు. ఏ కంసాలి చేశాడో, ఎప్పుడు చేశాడో తెలియాలంటే కొలికి చూస్తారు, అతుకు చూస్తారు, కాసులను కలిపిన తీగ చూస్తారు. నాణేల బొమ్మ విషయంలోనూ అంతే. నాణెం మనకు చెప్పగలిగేది ఒక్క హద్దు మాత్రమే: బొమ్మలో ఉన్న నాణేలన్నిటిలోకీ కొత్తది ఏదో, దాని కంటే ముందు ఆ బొమ్మ తయారై ఉండడానికి వీల్లేదు. ఎంత తర్వాత తయారైందన్నది, ఏ దేశంలో తయారైందన్నది చెప్పేవి దారం, కొయ్య, అల్లిక, లోపలి దిమ్మ, ఇంకా ఆ నాణేలు ఒకదానితో ఒకటి కలిసిన తీరు.

అయినా ముందు నాణెం సంగతి కొంత తెలియాలి. ఈ గుండ్రని, నలుచదరపు చిల్లు నాణేన్ని క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసిన చిన్ రాజ్యం చైనా అంతటికీ ఒకే నాణెంగా స్థిరపరిచింది. క్రీ.శ. 621లో తాంగ్ వంశం వారు తెచ్చిన ‘కైయువాన్ తుంగ్‌బావ్’ ఆ తర్వాత దాదాపు 1300 ఏళ్ల పాటు తూర్పు ఆసియా మొత్తానికీ నమూనా అయింది. దీన్ని మన నాణేల్లా ముద్రతో గుద్దలేదు, పోత పోశారు. మాతృక నాణేన్ని మెత్తని ఇసుకలో నొక్కి, ఒక నాణెం గుంట నుంచి మరోదానికి కాలువలు తీసి, కరిగిన లోహం పోసేవారు. చల్లారాక విడగొట్టిన నాణేలను వరసగా నలుచదరపు కడ్డీకి గుచ్చి, అవి గిర్రున తిరగకుండా పట్టుకుని, అంచులన్నిటినీ ఒకేసారి ఆకురాయితో రాసేవారు. భూతద్దం పెట్టి చూస్తే అసలు నాణెం అంచు మీద ఆ గీతలు ఇప్పటికీ కనబడతాయి. నకిలీలో అంచు నున్నగా ఉంటుంది, లేకపోతే నాణేన్ని రెండు సగాలుగా విడదీస్తున్నట్టు చుట్టూ ఒక సన్నని అతుకు గీత ఉంటుంది.

చైనా చివరి రాజవంశమైన చింగ్ వంశపు నాణేన్ని చదవడం అనుకున్నంత కష్టం కాదు. చిల్లుకు పైనా కిందా ఉన్న రెండు అక్షరాలు పాలకుడి శకనామం, అంటే ఆయన పాలనాకాలానికి పెట్టిన పేరు, కుడి ఎడమల ఉన్నవి ‘చెలామణీ నిధి’ అనే అర్థంలో వాడే మాట. వెనకవైపు సాధారణంగా మంచూ లిపిలో చిల్లుకు రెండు పక్కలా రెండు మాటలు నిలువుగా ఉంటాయి. కుడివైపుది టంకశాల పేరు. బొమ్మల్లో ఎక్కువగా తగిలేవి కాంగ్‌షీ (1662–1722), చియాన్‌లోంగ్ (1736–1795), జియాచింగ్ (1796–1820), దావ్‌గ్వాంగ్ (1821–1850) నాణేలు. చియాన్‌లోంగ్ నాణేలు మరీ ఎక్కువగా పోశారు కాబట్టి అవి అరుదైనవని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. వెనకవైపు మంచూ లిపి బదులు డ్రాగన్, ఫీనిక్స్ పక్షి జంటగా కనిపిస్తే అది చెలామణీ నాణెమే కాదు, అలంకారానికో రక్షకో చేసిన బిళ్ల.

ఇక్కడ ఒక చిక్కుంది. చైనా నాణెం చైనాలోనే ఉండిపోలేదు. ఉత్తర సోంగ్ పాలనలో 1078–1085 మధ్య ఏటా 50 లక్షల దండలకు పైగా నాణేలు పోశారు. దండకు లెక్క ప్రకారం వెయ్యి. నాణేలు దేశం దాటకూడదని సోంగ్ ప్రభుత్వం మళ్లీ మళ్లీ నిషేధాలు పెట్టింది, అవి మళ్లీ మళ్లీ దాటాయి. జపాన్, వియత్నాం, జావా అంతటా అదే డబ్బు. 1300 ప్రాంతం నుంచి జావాలోని మజాపహిత్ రాజ్యంలో చైనా నాణెమే రోజువారీ నాణెం. చైనా నౌకాధిపతి జెంగ్ హ నౌకాయానాల్లో (1405–1433) పాల్గొన్న మా హువాన్, జావాలో గత రాజవంశాల చైనా రాగి నాణేలతోనే బేరసారాలు సాగుతున్నాయని రాసిపెట్టాడు. గత రాజవంశాల నాణేలు అన్న ఆ ఒక్క ముక్క మనకు చాలా పనికొస్తుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఈ నాణెం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి అలాస్కా చాలు. అక్కడి ట్లింగిట్ ప్రజలు, బొచ్చు చర్మాల వ్యాపారం కోసం వచ్చిన ఓడల ద్వారా అందిన చైనా నాణేలను తోలు కవచం మీద పొలుసుల్లా కుట్టుకున్నారు, కొయ్య ముసుగులకు కళ్లుగా పెట్టుకున్నారు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో అలాంటి కవచం ఉంది. దాని మీదున్న నాణేలు చైనావి, కవచం మాత్రం ట్లింగిట్‌లదే. దాన్ని చైనా కవచమని ఎవరూ అనరు గానీ, అదే నాణేలతో చేసిన బొమ్మ దగ్గరకొచ్చేసరికి మన బుద్ధి ఎందుకో వెంటనే చైనా వైపు పరుగెడుతుంది.

నిజానికి చైనాలో ఈ నాణేలతో చేసిన పాత వస్తువుల్లో బాగా తెలిసినది బొమ్మ కాదు, కత్తి. ఇనుప కడ్డీ మీద నాణేలను ఒకదాని మీద ఒకటి పరిచి, ఎర్ర దారంతో బిగించి, పిడికి కుచ్చులు కట్టి చేసిన ఈ కత్తిని దుష్టశక్తులు రాకుండా మంచం దగ్గరో గుమ్మం దగ్గరో వేలాడదీసేవారు. వీలైతే అన్నీ ఒకే చక్రవర్తి నాణేలు ఉండాలన్నది అక్కడి పట్టింపు. 20వ శతాబ్దం మొదట్లో చిల్లు లేని కొత్త రాగి నాణేలు వచ్చి పాతవి చెలామణీ నుంచి తప్పుకున్నాక అవి చౌకగా దొరికే ముడిసరుకు అయ్యాయి; కుట్టుపని సామాన్లు పెట్టుకునే వెదురు బుట్టల మూతలకు నాణేలు, గాజు గాజులు, పట్టు కుచ్చులు కట్టి అమెరికాకు ఎగుమతి చేసింది ఆ రోజుల్లోనే. ఇప్పుడు ఫెంగ్ షుయ్ దుకాణాల్లో కనిపించే నాణేల తాబేళ్లు, ఓడలు, డ్రాగన్లు ఇటీవలి కాలపు సరుకు. వాటిలో నాణేలన్నీ తళతళలాడుతూ ఒకే కొలతలో ఉంటాయి, కొన్నింటికి అయస్కాంతం అతుక్కుంటుంది, అంటే ఇనుము మీద ఇత్తడి పూత. ఇనుప నాణేలు చైనా చరిత్రలో లేకపోలేదు. కానీ పసుపు రంగులో మెరిసే ఇనుప నాణెం లేదు.

మనిషి ఆకారం, చెక్కిన కొయ్య తల, కొయ్య చేతులు, నాణేల ఒళ్లు ఉన్న బొమ్మ మీ ముందుకు వస్తే, మొదట ఆలోచించవలసింది బాలి ద్వీపం. నా అనుభవంలో ఈ రకం బొమ్మల్లో ఎక్కువ వాటా అక్కడివే.

బాలిలో ఈ నాణేన్ని కెపెంగ్ అంటారు, పిస్ బొలోంగ్ అని కూడా అంటారు. చైనా వదిలేసిన తర్వాత కూడా, 20వ శతాబ్దం మధ్య దాకా అక్కడి సంతల్లో అది చెల్లింది. 1839 నుంచి కుటాలో స్థిరపడ్డ డెన్మార్క్ వర్తకుడు మాడ్స్ లాంగె, చైనా నుంచి నాణేలను ఓడల్లో దింపి, వాటితో బియ్యం, పశువులు కొని లాభాలు గడించాడు. ఇంత ఆలస్యంగా, ఇంత పెద్ద ఎత్తున దిగుమతి అయిన డబ్బు పక్కనే, ఎనిమిది వందల ఏళ్ల నాటి సోంగ్ నాణెం కూడా అదే విలువకు చేతులు మారింది. మా హువాన్ మాట పనికొస్తుందన్నది ఇందుకే. బాలి కుప్ప నుంచి తీసిన ఒక గుప్పెడు నాణేల్లో తాంగ్, సోంగ్, మింగ్, చింగ్ వంశాలవన్నీ ఉండొచ్చు; పల్చని వియత్నాం నాణేలు ఉండొచ్చు; జపాన్ వారి కాన్‌ఎయ్ నాణేలో, 1659 నుంచి నాగసాకిలో ఎగుమతి కోసమే పోసినవో ఒకటి రెండు తగలొచ్చు. చైనా కత్తిలో ఈ కలగాపులగం సాధారణంగా కనబడదు. కాబట్టి నాణేలను విడివిడిగా చదవడం కంటే, ఒక బొమ్మలో ఏవేవి కలిశాయో చూడడం ఎక్కువ ఫలితాన్నిస్తుందని నా అభిప్రాయం.

బాలి వారికి కెపెంగ్ డబ్బే కాదు, పూజా ద్రవ్యం కూడా. నైవేద్యాల్లో, గృహప్రవేశాల్లో, దహన సంస్కారాల్లో ఇది లేకుండా తంతు సాగదు. దహనానికి సంబంధించిన కర్మలో నాణేలను దారంతో కూర్చి మనిషి ఆకారంలో చేసే ‘ఉకుర్’ ఒకటుంది. ఐశ్వర్య దేవత రంబుత్ సెదన విగ్రహాన్ని నాణేలతోనే చేస్తారు. శ్రీ అంటే వరి, సెదన అంటే ధనం. ఇద్దరినీ జంటగా కొలుస్తారు. 210 రోజుల పావుకోన్ పంచాంగంలో ఒకసారి వచ్చే బుద వగే క్లవు అనే బుధవారం ఆ దేవతకు ప్రత్యేకం, ఆ రోజు అప్పు తీర్చడం, డబ్బు చెల్లించడం మానుకుంటారు. ధనదేవత ఒంటిని ధనంతోనే అల్లడం వెనక ఉన్న భావం మనకు కొత్తేమీ కాదు. ఇక్కడ గమనించవలసినది మరొకటుంది. చైనాలో నాణెం చౌకబడ్డాక అలంకార వస్తువుల్లోకి దిగింది, బాలిలో చెల్లుబాటులో ఉండగానే దేవత ఒంటికెక్కింది. అందువల్ల బాలి బొమ్మ 19వ శతాబ్దానిది అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

కానీ మన చేతికి వచ్చేవాటిలో పూజ కోసం చేసినవి తక్కువ, పర్యాటకుల కోసం చేసినవి ఎక్కువ. డచ్చివారు బాలిలోని బదుంగ్ రాజ్యాన్ని 1906లో, క్లుంగ్‌కుంగ్ రాజ్యాన్ని 1908లో లొంగదీసుకున్నాక ద్వీపమంతా వారి పాలనలోకి వచ్చింది. 1920ల్లో ఓడల కంపెనీ పర్యాటకులను తీసుకురావడం మొదలుపెట్టింది, 1928లో డెన్‌పసార్‌లో బాలి హోటల్ తెరిచారు. మొదటి కెరటం అది. 1969లో అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యాక రెండో కెరటం వచ్చింది, అది ఇంకా తగ్గలేదు. ఈ రెండో కెరటంలో రామసీతలు, గరుడుడు, గణపతి, లెగోంగ్ నాట్యగత్తెలు నాణేల ఒళ్లతో సుకవతి సంతలో వరసలు కట్టారు. పాత నాణేలు చాలక కొత్తవి పోయడం కూడా మొదలైంది. క్లుంగ్‌కుంగ్ ప్రాంతంలో పూజల కోసమే కొత్త కెపెంగ్‌లు పోస్తున్నారు. వాటిని నకిలీలు అనడం అన్యాయం, దేవుడికి సమర్పించడానికి చేసినవి అవి. వాటిని ముదురు రంగు పట్టించి పాతవిగా అమ్మినప్పుడే అది మోసం అవుతుంది.

ఈ బల్ల మీదున్న బొమ్మను చూడండి. ఒక మిత్రుల కుటుంబం ఈ సభ కోసం ఇచ్చింది. జానెడున్నర ఎత్తు, కూర్చున్న దేవత. ముఖానికి వేసిన తెలుపు ముక్కు కొసన రాలిపోయి, లోపల తేలికైన లేత రంగు కొయ్య కనబడుతోంది. బాలిలో ముసుగులకు వాడే పూలె కొయ్య మనం ఏడాకుల పాల అనే చెట్టుదే. ఈ తలకు అదే వాడారని చూపుతో తేల్చలేం గానీ, బరువును బట్టి గట్టి కొయ్య కాదని చెప్పొచ్చు. కిరీటం తోలును చిల్లులు చిల్లులుగా కత్తిరించి బంగారు రేకు అద్దింది. చైనా పనితనంలో ఈ తోలు కిరీటం ఉండదు. కాబట్టి ఇది ఎక్కడిదన్న ప్రశ్నకు సగం జవాబు తలలోనే దొరికింది.

భుజాల దగ్గర నాణేలు పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సగం కప్పేలా కుట్టి ఉన్నాయి. దారం నూలుది; నాణెం తగిలిన చోటల్లా చిలుము దిగి పచ్చబడింది. నెమ్మదిగా ఒక నాణేన్ని పక్కకు తిప్పితే, కింద ఉన్న గుడ్డ మీద నాణెం ఆకారంలో గుండ్రంగా లేత మచ్చ కనిపించింది. చుట్టూ ఉన్న గుడ్డకు మాత్రం మసి పట్టింది. ఇది చాలాకాలం ఒకే చోట కదలకుండా ఉంటే గానీ ఏర్పడదు, టీ నీళ్లలో ముంచి పాతబరిచే దొంగ పనిలో ఈ మచ్చ రాదు. పైభాగంలో చియాన్‌లోంగ్‌వి ఎక్కువ, సోంగ్ నాణేలు కొన్ని, పల్చని వియత్నాం కాన్ హుంగ్ (1740–1786) ఒకటి, జపాన్‌ది ఒకటి ఉన్నాయి. అన్నిటిలోకీ కొత్తది దావ్‌గ్వాంగ్. అంటే పైభాగం 1821 కంటే ముందుది కాదు.

నడుము కిందికి రండి. పావడాలా వేలాడే ఈ మూడు వరసల్లో అన్నీ చియాన్‌లోంగ్ నాణేలే. భూతద్దంతో చూస్తే ప్రతి నాణెం మీదా, కుడివైపు అక్షరం అడుగున, ఒకే చోట, ఒకే పొడవున ఒక చిన్న గాటు ఉంది. చేతులు మారి అరిగిన నాణేలకు గాట్లు రకరకాల చోట్ల పడతాయి. అన్నిటికీ ఒకే గాటు ఉందంటే ఆ గాటు ఉన్న ఒకే నాణేన్ని మాతృకగా పెట్టి అన్నిటినీ పోశారన్నమాట. పైగా దారం నైలాన్‌ది. నైలాన్ 1930ల చివర్లో గానీ బజారుకు రాలేదు. ఇప్పుడు ఈ బొమ్మను అసలుదనాలా, నకిలీదనాలా? రెండూ తప్పే. తల, ఒళ్లు ఒక కాలానివి, పావడా వరసలు చాలా తర్వాతివి. దారం తెగిపోతే కొత్త దారం ఎక్కించడం, పోయిన నాణేల చోట వేరేవి పెట్టడం బాలిలో మామూలే, అది దేవతకు చేసే సేవ. కాబట్టి కొత్త దారం చూడగానే బొమ్మను పక్కన పెట్టకండి. మెడ దగ్గర కొయ్యకు వేసిన రంధ్రాలు చూడండి: దారం ఒరుసుకుని అంచులు గుండ్రంగా అరిగి ఉంటే బొమ్మకు వయసుంది, రంధ్రం పదునుగా, లోపల తెల్లగా ఉంటే లేదు.

లోహ పరీక్ష గురించి కూడా ఒక మాట. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరికరంతో నాణేన్ని గీకకుండానే అందులో ఏ లోహం ఎంతుందో తెలుసుకోవచ్చు. సోంగ్ నాణేలు రాగి, సీసం, తగరం కలిసిన కంచు. చైనా టంకశాలలు ఇత్తడికి, అంటే తుత్తునాగం (జింక్) కలపడానికి, 16వ శతాబ్దంలో గానీ మారలేదు. కాబట్టి సోంగ్ అక్షరాలున్న నాణెంలో తుత్తునాగం మూడో వంతు ఉందని తేలితే, ఆ అక్షరాలు ఏం చెప్పినా అది తర్వాతి కాలపు పోతే. 1740లో చియాన్‌లోంగ్ ప్రభుత్వం, జనం నాణేలు కరిగించి గిన్నెలు చేసుకోకుండా, వంద పాళ్లకు రెండు పాళ్లు తగరం కలిపించింది. ఆ తర్వాతి బీజింగ్ నాణేల్లో ఆ కొద్దిపాటి తగరం కనబడాలి. అయితే ఈ పరికరం చూసేది పైపొరనే, చిలుము ఉంటే అంకెలు మారతాయి, కాబట్టి ఒక్క నాణెం మీద ఆధారపడకుండా పది చోట్ల చూడాలి. నా మటుకు నేను ముందు భూతద్దాన్నీ దారాన్నీ నమ్ముతాను, యంత్రాన్ని సాక్ష్యానికి పిలుస్తాను.

ఇంట్లో ఉన్నవారికి ఒక మనవి: చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పాలిష్ వీటిని బొమ్మ జోలికి తేకండి. చిలుముతో పాటు దారం మీది మరకలు, గుడ్డ మీది మచ్చలు కూడా పోతాయి, ఆపైన దాన్ని పరీక్షించడానికి మిగిలేది కొయ్య తల ఒక్కటే. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. తెచ్చిన రోజు, ఊరు, దుకాణం, అమ్మినవాడు చెప్పిన కథ అబద్ధమనిపించినా సరే ఒక కాగితం మీద రాసి బొమ్మతో ఉంచండి.

ఇక ఇప్పుడు కొనబోతున్నవారి సంగతి. ఇండోనేషియా 2010లో చేసిన 11వ నంబరు చట్టం ప్రకారం, 50 ఏళ్లు దాటిన, చారిత్రక విలువ ఉన్న వస్తువులు సాంస్కృతిక వారసత్వ సంపద కింద రావచ్చు, వాటిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అందుచేత సంతలో ఎవరైనా బొమ్మ చూపించి రెండు వందల ఏళ్ల నాటిదని ఒట్టేసి చెబితే, ధర అడిగే ముందు ఎగుమతి అనుమతి పత్రం అడగండి. పత్రం ఎందుకండీ, ఇది కొత్తదే కదా అని అతనే అంటే, అప్పుడు కొత్తదాని ధరకు బేరం మొదలుపెట్టవచ్చు.